కంటిపాప కొలిచే పోలీసు

అరచేతిలో ఇమిడే అట్టముక్క అది. అంచు వెంబడి నల్లటి చుక్కలు వరుసగా అచ్చువేసి ఉంటాయి. మొదటి చుక్క వెడల్పు 1 మిల్లీమీటరు, రెండోది 1.5, మూడోది 2. అలా అర మిల్లీమీటరు చొప్పున పెరుగుతూ 9 దాకా వెళ్తాయి. అమెరికాలో మత్తును గుర్తుపట్టడంలో శిక్షణ పొందిన పోలీసు దాన్ని ఎదుటి మనిషి కంటి పక్కన పట్టుకుని, ఏ చుక్క ఆ కంటిపాపకు సరిపోతోందో చూసి ఆ అంకె కాగితం మీద వేసుకుంటాడు. బ్యాటరీ లేదు, తెర లేదు, కొలత అచ్చయి బయటికొచ్చే చీటీ లేదు. ప్యూపిలోమీటర్ అని పేరు ఘనంగా ఉంది గాని వస్తువు మాత్రం అట్టముక్కే.

గంజాయిని చట్టబద్ధం చేసిన రాష్ట్రాల్లో మత్తులో బండి నడిపేవాళ్లను పట్టుకునే పని ఇప్పటికీ చాలా మటుకు ఇలాంటి పనిముట్ల మీద, వాటిని పట్టుకున్న చేతి మీద, చూసే కంటి మీద నడుస్తోందంటే ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. ఆ పనితనాన్ని కాస్త దగ్గర నుంచి చూద్దాం.

కొలరాడో ఓటర్లు 2012 నవంబరులో తమ రాజ్యాంగానికి 64వ సవరణను ఆమోదించారు. 21 ఏళ్లు నిండినవాళ్లు ఒక ఔన్సు, అంటే దాదాపు 28 గ్రాముల గంజాయి దగ్గర ఉంచుకోవచ్చని, ఆరు మొక్కలు పెంచుకోవచ్చని ఆ సవరణ చెప్పింది. 2014 జనవరి 1న దుకాణాలు తెరుచుకున్నాయి. అదే ఎన్నికల్లో వాషింగ్టన్ రాష్ట్రం కూడా అదే దారి పట్టింది. ఆ తర్వాత పత్రికల నిండా పన్నుల రాబడి లెక్కలు, దుకాణాల ముందు బారుల ఫొటోలు. పోలీసు చేతిలోంచి ఏం జారిపోయిందో రాసినవాళ్లు తక్కువ.

అంతకుముందు గంజాయి కేసంత సులువైన కేసు ఇంకోటి లేదు. కారు అద్దం దించగానే గుప్పున వాసన వస్తే సోదాకు అదే కారణం. సీటు కింద పొట్లం దొరికితే కేసు తేలిపోయినట్టే. డ్రైవరు మత్తులో ఉన్నాడా, శుభ్రంగా ఉన్నాడా అని తలబద్దలు కొట్టుకోవాల్సిన పని లేదు, ఎందుకంటే పొట్లమే నేరం. చట్టం మారాక పెద్దవాళ్ల విషయంలో వాసన నేరం కాకుండా పోయింది, పొట్లం నేరం కాకుండా పోయింది. మిగిలింది ఆ మత్తులో బండి నడపడం. అది అప్పుడూ నేరమే, ఇప్పుడూ నేరమే. కాకపోతే దాన్ని రుజువు చేయాలంటే సీటు కింద వెతికితే లాభం లేదు. సీటులో కూర్చున్న మనిషిని చూడాలి.

ఈ మార్పు కుక్కలకు కూడా తగిలింది. 2015లో కొలరాడోలోని క్రెయిగ్ అనే చిన్న ఊళ్లో పోలీసులు ఒక ట్రక్కును ఆపి, కీలో అనే కుక్కను దాని చుట్టూ తిప్పారు. కీలో సైగ చేసింది. లోపల మెతాంఫెటమీన్ మడ్డి అంటిన పైపు దొరికింది. కేసు రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కీలోకు ఐదు రకాల మాదకద్రవ్యాల వాసన నేర్పారు, అందులో గంజాయి ఒకటి. ఏ వాసన తగిలినా అది చేసే సైగ మాత్రం ఒకటే. మరి ఆ సైగ నేరాన్ని చూపిస్తోందో, చట్టం ఒప్పుకున్న సొంత వ్యవహారాన్ని చూపిస్తోందో ఎలా తెలుస్తుంది? గంజాయి నేర్చిన కుక్కతో వాసన చూపించడం కూడా సోదా కిందికే వస్తుందని, దానికి ముందే తగిన కారణం ఉండి తీరాలని 2019 మేలో కోర్టు తీర్పు చెప్పింది. అదీ నలుగురు న్యాయమూర్తులు ఒక వైపు, ముగ్గురు ఇంకో వైపు. కుక్కకు నేర్పడం ఒక ఎత్తు, నేర్పింది మరిపించడం ఇంకో ఎత్తు. రైఫిల్ పట్టణంలో పనిచేసిన ట్యూలో అనే లాబ్రడార్ లాంటి పాత ఉద్యోగులు రిటైరయ్యారు. గంజాయి పాఠం చెప్పని కొత్త కుక్కలు డ్యూటీలోకి వచ్చాయి.

పక్క రాష్ట్రాల గొడవ కూడా ఉంది. తమ సరిహద్దు దాటి సరుకు వచ్చిపడుతోందని నెబ్రాస్కా, ఓక్లహోమా రాష్ట్రాలు 2014లో కొలరాడో మీద నేరుగా అమెరికా సుప్రీంకోర్టుకెక్కాయి. 2016లో కోర్టు ఆ కేసు వినడానికే ఒప్పుకోలేదు. పెరట్లో మొక్కలు లెక్కపెట్టే తిప్పలు, గంజాయి జాతికే చెందిన హెంప్‌కూ గంజాయికీ వాసన ఒకటే కావడం వల్ల వచ్చిన తిప్పలు, అన్నీ ఉన్నాయి. కానీ వాటికి కాగితాలో ప్రయోగశాలో దారి చూపిస్తాయి. రోడ్డు మీద మనిషి విషయంలో అలాంటి దారి లేదు.

మద్యానికైతే యంత్రం ఉంది. వారాంతంలో రాత్రిపూట హైదరాబాద్ రోడ్ల మీద తిరిగేవాళ్లకు బ్రీత్ అనలైజర్ గురించి చెప్పక్కర్లేదు. గొట్టంలో ఊదితే అంకె వస్తుంది. మన మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. అదే సెక్షన్‌లో మాదకద్రవ్యాల మాట కూడా ఉంది. అక్కడ అంకె లేదు. బండిని సరిగా అదుపు చేయలేనంతగా మత్తు ప్రభావంలో ఉన్నాడని చూపించాలి, అంతే. ఎలా చూపించాలో పోలీసు చూసుకోవాలి.

అమెరికా రాష్ట్రాలు అంకె కోసం ప్రయత్నించకపోలేదు. గంజాయిలో మత్తెక్కించే పదార్థం టీహెచ్‌సీ. ఒక మిల్లీలీటరు రక్తంలో అది 5 నానోగ్రాములు ఉంటే డ్రైవరు మత్తులో ఉన్నాడని జ్యూరీ అనుకోవచ్చు అని కొలరాడో 2013లో చట్టం చేసింది. అనుకోవచ్చు అందే గాని, అనుకుని తీరాలి అనలేదు. వాషింగ్టన్ రాష్ట్రం అదే 5 దగ్గర గీత గీసి, దాటితే నేరమే అంది. చిక్కల్లా టీహెచ్‌సీ నడతలో ఉంది. ఆల్కహాల్ నీళ్లలో కలుస్తుంది, లెక్కకు అందే వేగంతో తగ్గుతుంది. టీహెచ్‌సీ కొవ్వులో కరుగుతుంది. పొగ పీల్చిన కొద్ది నిమిషాల్లో రక్తంలో తారస్థాయికి చేరి, ఆ వెంటనే జారిపోతుంది. మత్తు మాత్రం గంటల తరబడి ఉంటుంది. కారు ఆపి, నాలుగు మాటలు మాట్లాడి, స్టేషనుకు తెచ్చి, రక్తం తీయించేసరికి గంటో రెండు గంటలో అవుతుంది. నిజంగా తూలుతున్నవాడి అంకె ఈలోగా 5 కిందికి దిగిపోవచ్చు. మరోవైపు రోజూ తాగే అలవాటున్నవాడి కొవ్వులోంచి అది కొంచెం కొంచెంగా రక్తంలోకి ఊరుతూ ఉంటుంది. మానేసి రోజులు గడిచినా పరీక్షలో కనిపిస్తుంది. పొగ కాకుండా బిస్కట్టో చాక్లెట్టో తింటే కథ మళ్లీ వేరు. మత్తు ఎక్కడమే ఆలస్యం. రక్తంలో ఉన్న టీహెచ్‌సీ అంకెను పట్టుకుని మనిషి ఎంత మత్తులో ఉన్నాడో చెప్పలేమని అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ స్వయంగా 2017లో కాంగ్రెస్‌కు ఇచ్చిన నివేదికలో రాసింది.

వాసన పోయింది, పొట్లం పోయింది, కుక్క పోయింది, అంకె కలిసిరాలేదు. అప్పుడు అందరి చూపూ ఒక పాత విద్య మీద పడింది.

1970ల మొదట్లో లాస్ ఏంజెలెస్ పోలీసులకు ఒక చిరాకు ఉండేది. తాగి నడుపుతున్నాడని పట్టుకొస్తారు, మనిషి నిలబడలేకపోతుంటాడు, ఊపిరి పరీక్షలో మాత్రం సున్నా వస్తుంది. మద్యం కాదు, ఇంకేదో. కానీ ఏదని చెప్పాలి? ఏమీ చెప్పలేక వదిలేసేవారు. ట్రాఫిక్ వైపు నుంచి డిక్ స్టడర్డ్, మాదకద్రవ్యాల విభాగం నుంచి లెన్ లీడ్స్ అనే ఇద్దరు సార్జెంట్లు దీని వెంట పడ్డారు. డాక్టర్లను, మనస్తత్వ పరిశోధకులను కలిశారు. ఏ మందు ఒంట్లో పడితే కంటిపాప ఏమవుతుంది, నాడి ఏమవుతుంది, కండ ఏమవుతుంది అని ఒక్కొక్కటే పోగుచేసి ఒక పద్ధతిగా కూర్చారు. 1979లో లాస్ ఏంజెలెస్ పోలీసు శాఖ దానికి అధికారిక ముద్ర వేసింది. 1984లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో, మరుసటి ఏడాది లాస్ ఏంజెలెస్ వీధుల్లో దాన్ని పరీక్షించి చూశారు. 1987లో ప్రయోగాత్మకంగా బయటి రాష్ట్రాలకు పంపినప్పుడు మొదటి నాలుగింటిలో కొలరాడో ఒకటి. అంటే గంజాయి చట్టబద్ధం కావడానికి పాతికేళ్ల ముందే ఆ రాష్ట్ర పోలీసుల దగ్గర ఈ విద్య ఉంది. దాని అవసరమే తాపీగా వచ్చింది.

నేర్చినవాళ్లను డ్రగ్ రికగ్నిషన్ ఎక్స్‌పర్ట్ అంటారు, వాడుకలో డీఆర్‌ఈ. వాళ్లు చేసే పరీక్షలో పన్నెండు మెట్లున్నాయి. ఎవరి మీద చేసినా, ఏ ఊళ్లో చేసినా అదే వరుస. రోడ్డు పక్కన హడావిడిగా చేసేది కాదు, స్టేషను గదిలో నిదానంగా చేసేది. మొదటి మెట్టు ఊపిరి పరీక్ష. కనిపిస్తున్న తూలుడుకు మద్యమే సరిపోతే డీఆర్‌ఈ అవసరం అక్కడితో తీరింది. సరిపోకపోతేనే పని మొదలవుతుంది. చిట్టచివరి మెట్టు రక్తమో మూత్రమో ప్రయోగశాలకు పంపడం. ఈ రెండింటి నడుమ ఉన్న పది మెట్లలోనే పనితనమంతా.

తేల్చాల్సిన ప్రశ్నలు మూడు. మనిషి నిజంగా బండి నడపలేని స్థితిలో ఉన్నాడా? ఉంటే అది మత్తు వల్లా, జబ్బు వల్లా? మత్తే అయితే ఏ తరగతి మత్తు? తరగతులు ఏడు. గంజాయి వాటిలో ఒకటి మాత్రమే. నన్నడిగితే మూడింటిలోనూ రెండో ప్రశ్నే ముఖ్యమైనది. షుగర్ పడిపోయినవాడు తాగినవాడిలా మాట్లాడతాడు. తలకు దెబ్బ తగిలినవాడు తూలతాడు. అందుకే మొదట్లోనే ఆరోగ్యం గురించి అడుగుతారు. ఏమైనా మందులు వాడుతున్నారా, షుగర్ ఉందా, ఈ మధ్య దెబ్బలేమైనా తగిలాయా అని. రెండు కంటిపాపలూ ఒకే పరిమాణంలో ఉన్నాయా అని అప్పుడే చూస్తారు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయితే పరీక్ష సంగతి తర్వాత, ముందు ఆసుపత్రి సంగతి చూడాలి.

ఇక నాడి. దాన్ని ఒకసారి చూసి ఊరుకోరు. మూడో మెట్టులో ఒకసారి, ఆరో మెట్టులో ఒకసారి, తొమ్మిదో మెట్టులో ఇంకోసారి చూస్తారు. వాళ్ల లెక్కలో నిమిషానికి 60 నుంచి 90 మామూలు. పోలీసు స్టేషన్లో కూర్చున్న ఎవరి గుండె అయినా దడదడలాడుతుంది. మొదటిసారి 104 వచ్చిందంటే అది భయమూ కావచ్చు, గంజాయీ కావచ్చు. మనిషి కాస్త కుదురుకున్నాక రెండోసారి చూస్తే 92, ఇంకాసేపటికి 84 అయితే అది భయం. మూడుసార్లూ 100 దాటే ఉంటే లోపల ఏదో తోస్తోంది. మన పాతకాలం నాడి వైద్యుడు కూడా రోగి వచ్చీ రాగానే చెయ్యి పట్టుకునేవాడు కాదు, కూర్చోబెట్టి ఊళ్లో సంగతులు మాట్లాడించి ఆ తర్వాతే పట్టుకునేవాడు. ఎదుటివాడి భయాన్ని లెక్కలోంచి తీసేయడానికి పోలీసు పద్ధతిలోనే చోటు పెట్టారు చూడండి, ఈ విద్య మీద నాకు మొదట గౌరవం కలిగింది అక్కడే.

కళ్ల దగ్గర చేసే పని ఇంకా నాజూకు. ముఖానికి ఒక అడుగు పైచిలుకు దూరంలో వేలో పెన్నో పట్టుకుని పక్కలకు జరుపుతూ, తల కదపకుండా కళ్లతో దాన్ని వెంబడించమంటారు. మద్యం తాగినవాడి కనుగుడ్డు సాఫీగా జరగదు, అదురుతూ జరుగుతుంది. గంజాయి ఒక్కటే తాగితే ఆ అదురు రాదు. తర్వాత అదే వేలిని ముఖం ముందు గుండ్రంగా తిప్పి, మెల్లిగా ముక్కు దూలం దగ్గరికి తెస్తారు. రెండు కళ్లూ ముక్కు వైపు తిరిగి మెల్లకన్ను పడాలి. గంజాయి తాగినవాడికి తరచూ ఒక కన్ను దారి తప్పి బయటికి జరిగిపోతుంది. అదురు లేదు, మెల్లకన్ను పడలేదు. ఒకటి లేకపోవడం, ఒకటి చేతకాకపోవడం, ఈ రెండూ కలిసి ఒక దిక్కును చూపిస్తాయి. అదురు బాగా ఉండి ఊపిరిలో మద్యం లేకపోతే నిద్రమాత్రల లాంటివో, పీల్చే రసాయనాలో కావచ్చు. పాప సూదిమొనలా కుంచించుకుపోతే నల్లమందు జాతి. పాప విచ్చుకుని మెల్లకన్ను మాత్రం శుభ్రంగా పడుతుంటే ఉత్తేజకాలు కావచ్చు. ఏడు తరగతులకూ ఏడు నిలువు గళ్లు గీసిన పట్టిక ఒకటి ఉంటుంది. బాగా పండినవాళ్లకు అది చూడక్కర్లేదు, నోటికి వచ్చేసి ఉంటుంది.

నిలబెట్టి చేయించే పరీక్షల్లో రెండింటి గురించి చెప్పాలి. గీత మీద మడమకు వేలు తగిలిస్తూ తొమ్మిది అడుగులు వేసి వెనక్కి రావడం, ఒంటికాలి మీద నిలబడటం అందరికీ తెలిసినవే, సినిమాల్లో చూసినవే. అవి మొదట మద్యం కోసం కుదిర్చిన పరీక్షలు. గంజాయి గుట్టు ఎక్కువగా బయటపడేది ఇంకో చోట. పాదాలు దగ్గరగా పెట్టి, చేతులు కిందికి వదిలి, తల కాస్త వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని నిలబడమంటారు. ముప్పై సెకన్లు అయ్యాయని మీకు అనిపించినప్పుడు కళ్లు తెరిచి చెప్పండి, అంతే. గంజాయి మొదట పాడుచేసేది కాలం లెక్కను. ఒకడు పదిహేను సెకన్లకే అయిపోయిందంటాడు, ఇంకొకడు యాభై దాటినా కళ్లు తెరవడు. అయిదు సెకన్లు అటూ ఇటూ అయితే పట్టించుకోరు. ఈలోగా అధికారి ఒక కంటితో గడియారం చూస్తాడు, ఇంకో కంటితో మనిషి ముందుకూ వెనక్కూ ఎన్ని అంగుళాలు ఊగుతున్నాడో చూస్తాడు, మూసిన రెప్పలు టపటపా వణుకుతున్నాయేమో చూస్తాడు. ఆ రెప్పల వణుకు గంజాయికి పెద్ద గుర్తు. నుంచోబెట్టి కళ్లు మూయించడంలో ఇన్ని సంగతులు దాచిపెట్టినవాడి తెలివికి దండం పెట్టాలి.

రెండోది ముక్కు ముట్టుకోవడం. కళ్లు మూసుకుని, అధికారి ఎడమ అంటే ఎడమ చూపుడువేలి కొసతో, కుడి అంటే కుడి వేలి కొసతో ముక్కు కొసను తాకి చెయ్యి దించాలి. మొత్తం ఆరుసార్లు. ఎడమ, కుడి, ఎడమ, కుడి, మళ్లీ కుడి, ఎడమ. కిటుకంతా ఆ అయిదోసారి. నాలుగుసార్లు మార్చి మార్చి చెప్పేసరికి ఒళ్లు ఆ తాళానికి అలవాటు పడి, అయిదోసారి ఎడమ చెయ్యి దానంతటదే లేస్తుంది. మాట వింటున్నవాడు ఆపుకుంటాడు. మత్తులో ఉన్నవాడు తాళం వెంట వెళ్లిపోతాడు. బండి నడపడంలో కావాల్సింది ఇదే కదా, అలవాటుగా పోతున్న కాలును ఎదురుగా వచ్చిన సంగతిని బట్టి చటుక్కున ఆపుకోవడం. తగిలిన చోటల్లా, ముక్కు కొసో, పెదవో, చెంపో, కాగితం మీద ముఖం బొమ్మ ఉంటుంది, దాని మీద గీసి పెట్టుకుంటారు.

తర్వాత చీకటి గది. మొదట చెప్పిన అట్టముక్కకు అసలు పని ఇక్కడే. లైట్లు ఆర్పేసి కళ్లు చీకటికి అలవాటు పడేదాకా 90 సెకన్లు ఊరుకోవాలి. అనుమానితుడితో చీకట్లో ఒంటరిగా ఉండటం మంచిది కాదు కాబట్టి పక్కన ఇంకో అధికారి ఉంటాడు. పెన్‌లైటు కొనను బొటనవేలితో మూసేస్తే వేలి కండలోంచి ఎర్రటి మసక వెలుగు మాత్రం వస్తుంది. ఆ వెలుగులో అట్టముక్క పట్టి పాపను కొలుస్తారు. 5 నుంచి 8.5 మిల్లీమీటర్లు మామూలు. ఆ తర్వాత వేలు తీసి వెలుగును పక్క నుంచి నేరుగా కంట్లోకి తెచ్చి 15 సెకన్లు అక్కడే ఉంచుతారు. పాప ముడుచుకుంటుంది, ముడుచుకోవాలి. కానీ గంజాయి తాగినవాళ్లలో కొందరికి ముడుచుకున్న పాప వెలుగు పడుతుండగానే మళ్లీ విచ్చుకుంటుంది. తొందరపడి పది సెకన్లకే లైటు తీసేసినవాడికి ఇది కనిపించదు. అదే లైటుతో నోట్లోకి చూస్తే ఆకు తునకలు కనిపించవచ్చు. ఒకప్పుడు గంజాయి తాగితే నాలుక పచ్చబడుతుందని కూడా రాసేవారు. దానికి శాస్త్రం ఏదని కోర్టుల్లో సందేహాలు లేచాయి. మంచి పనివాళ్లు దాని జోలికి పోరు.

ఆపైన కండ బిగువు చూస్తారు, చేతులు తడిమి సూది గుర్తులు చూస్తారు, మూడో నాడి చూస్తారు. మామూలు మాటలు ఎప్పుడో అయిపోయాయి, నువ్వేం తీసుకున్నావు అనే అసలు ప్రశ్న మాత్రం పదో మెట్టులో వస్తుంది. ఒళ్లు చెప్పింది విన్నాకే నోరు చెప్పేది వినాలన్న వరుస అది. పదకొండో మెట్టులో అభిప్రాయం రాసి సంతకం పెట్టాలి. ప్రయోగశాల జవాబు రావడానికి రోజులో వారాలో పడుతుంది. అది చేతికందక ముందే తన మాట తాను కాగితం మీద పెట్టేయాలి. తర్వాత దిద్దుకోవడానికి వీల్లేదు.

ఇంతా చేసి ఇది గుడ్డిగా నమ్మదగిన విద్యా? కాదు. 2023లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. 184 మందికి సిగరెట్లు ఇచ్చారు. కొన్నిటిలో టీహెచ్‌సీ ఉంది, కొన్నిటిలో లేదు. ఎవరికి ఏది ఇచ్చారో తెలియని, శిక్షణ పొందిన అధికారులు గీత మీద నడిపించడం లాంటి పరీక్షలు చేశారు. దాదాపు గంటంబావు తర్వాత చేసిన పరీక్షలో, టీహెచ్‌సీ తాగినవాళ్లలో 81 శాతం మందిని సరిగానే తప్పారన్నారు. అది బాగానే ఉంది. కానీ ఉత్త సిగరెట్ తాగినవాళ్లలోనూ 49 శాతం మందిని తప్పారనే అన్నారు. ఒంటికాలి మీద నిలబడలేనివాళ్లు లోకంలో బోలెడుమంది ఉంటారు. అది పన్నెండు మెట్ల పరీక్ష కాదు, అందులో ఒక మెట్టు మాత్రమే అన్నది నిజం. అయినా ఆ ఒక్క మెట్టు మీదే నిలబడి రోడ్డు పక్కన అరెస్టులు చేసే పోలీసులు ఉన్నారన్నదీ నిజం.

మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం ఈ సంగతి 2017లోనే పసిగట్టింది. గంజాయి కేసుల్లో పోలీసు తాను కళ్లారా చూసింది చెప్పవచ్చు గాని, వాటిని పరీక్ష అనకూడదు, అందులో తప్పాడు నెగ్గాడు అనకూడదు, గంజాయి మత్తులో ఉన్నాడని తన అభిప్రాయమూ చెప్పకూడదు అంది. నాకు ఇంకో అభ్యంతరం ఉంది. రెండో మెట్టులో, మనిషిని పట్టుకొచ్చిన అధికారిని డీఆర్‌ఈ అడిగి సంగతులన్నీ తెలుసుకుంటాడు. కారులో గంజాయి పొట్లం ఉంది అని ముందే విన్న కన్ను కంటిపాపను ఎంత నిష్పక్షపాతంగా కొలుస్తుంది? వైద్యపరమైన జాగ్రత్త కోసం కొంత అడగక తప్పదు, సరే. మిగతాది పదో మెట్టు దాకా ఆపితే ఈ విద్యకు వన్నె తగ్గదు, పెరుగుతుంది.

ఈ విద్యను అందరికంటే లోతుగా తరచి చూసింది న్యూజెర్సీ సుప్రీంకోర్టు. మనవాళ్లు లెక్కకు మించి ఉన్న రాష్ట్రం. అక్కడ 2022 ఏప్రిల్‌లో గంజాయి దుకాణాలు తెరిచారు. డీఆర్‌ఈ సాక్ష్యానికి శాస్త్రబలం ఉందా అని తేల్చడానికి కోర్టు ఒక రిటైర్డ్ న్యాయమూర్తిని ప్రత్యేకంగా నియమించి, నిపుణులందరినీ ఆయన ముందు కూర్చోబెట్టింది. 2023 నవంబరులో తీర్పు వచ్చింది. సాక్ష్యం చెల్లుతుంది, కానీ కొలతకు మించి సాగదీయకూడదు. ఈ మనిషి గంజాయి మత్తులో ఉన్నాడు అని డీఆర్‌ఈ చెప్పకూడదు. నేను చూసిన గుర్తులు ఫలానా తరగతి మత్తు తీసుకున్నవాళ్లలో కనిపించే గుర్తులతో పొసుగుతున్నాయి అనే చెప్పాలి. రక్తమో మూత్రమో పరీక్షకు పంపడానికి సర్కారు తగిన ప్రయత్నం చేసి ఉండాలి. ఆ ప్రయత్నమే చేయకపోతే మామూలుగా ఆ సాక్ష్యాన్ని పక్కన పెట్టాల్సిందే. పోలీసు సంఘాలకు ఇది నచ్చిందో లేదో గాని, విద్యకు మాత్రం న్యాయమే జరిగిందనిపిస్తుంది. కంటిపాప 7 మిల్లీమీటర్లు ఉందని చెప్పగలిగినవాడికి ఏం చెప్పలేడో కూడా తెలిసి ఉండాలి కదా.

వీసాల మీద ఉన్న మన పిల్లలకు ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. రాష్ట్రం ఒప్పుకుంది కదా అని చాలామంది అనుకుంటారు, కానీ పౌరసత్వం, వలస వ్యవహారాలు చూసేది కేంద్ర చట్టం. గంజాయి వాడకమే కాదు, ఆ దుకాణంలో ఉద్యోగం చేసినా పౌరసత్వ దరఖాస్తులో సత్ప్రవర్తన దగ్గర అడ్డం రావచ్చని వలస సేవల సంస్థ 2019లోనే స్పష్టంగా రాసి పెట్టింది. డీఆర్‌ఈ నివేదికలోని పదో మెట్టుకు చెప్పిన జవాబు ఆ దస్త్రంలోకి కూడా నడిచిపోగలదు.

చట్టబద్ధం కావడం వల్ల ఈ విద్యకు ఒక మేలు కూడా జరిగింది. మద్యం విషయంలో స్వచ్ఛందంగా వచ్చినవాళ్లకు కొలిచి తాగించి, కొత్త పోలీసుల చేత పరీక్షలు చేయించడం పాత పద్ధతి. గంజాయి నేరంగా ఉన్నన్నాళ్లూ అలా చేయడానికి దారి లేదు. ఇప్పుడు కొలరాడో, వాషింగ్టన్ లాంటి చోట్ల గ్రీన్ ల్యాబ్ అనే శిబిరాలు పెడుతున్నారు. ఇష్టపడి వచ్చినవాళ్లు తమ సొంత సరుకు తాగి పోలీసుల ముందు నిలబడతారు. రెప్పల వణుకు పుస్తకంలో చదివినవాళ్లు అప్పుడు కళ్లారా చూస్తారు. అయిపోయాక తాగినవాళ్లను ఇంటికి దిగబెట్టే పూచీ నిర్వాహకులదే.

డీఆర్‌ఈ కావాలనుకున్నవాళ్లకు ముందు 16 గంటల పాఠాలు, ఆ తర్వాత 56 గంటల బడి, రాతపరీక్షలు. అవన్నీ గట్టెక్కాక నిజమైన మనుషుల మీద కనీసం 12 పరీక్షలు చేసి, ప్రయోగశాల నివేదికలతో సరిచూపించుకోవాలి. రెండేళ్లకోసారి అర్హత మళ్లీ నిలబెట్టుకోవాలి. చేసిన ప్రతి పరీక్షనూ ఒక లాగ్‌లో ఎక్కిస్తారు. తేదీ, తన అభిప్రాయం, పక్కనే ప్రయోగశాల చెప్పింది. గంజాయి అని రాసిన చోట ప్రయోగశాల ఏమీ లేదన్న వరుసలు కూడా అందులోనే ఉంటాయి. నిందితుడి తరఫు లాయరు అడగాల్సింది ఆ లాగ్‌నే.